లేపేశానన్న మాట

జూన్ 14, శనివారం

చిన్నోడికి అక్క దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టాలి. ఈ ఇంట్లో అందరం అంటే ఇప్పుడు నేనొక్కదాన్నే కాబట్టి, నేను క్షేమం. నువ్వు ఆ డ్యాం పని దగ్గర టిప్పరు తోలుతూ, దుమ్ము మింగుతూ, వేళకు తినకుండా పుల్లలా అయ్యుంటావు. బాగున్నానని ఒక్క ముక్క రాస్తే నీ చెయ్యేం అరిగిపోదు.

నీకు ఓపిక తక్కువ కాబట్టి అసలు సంగతి ముందే చెబుతున్నాను. నిన్న తీర్పు వచ్చింది. మీ బావను చంపినవాడికి ఉరిశిక్ష వేశారు.

నువ్వు సాక్ష్యం చెప్పి వెళ్లిపోయాక జరిగింది నీకు తెలియదు కదా. పేపరువాళ్లు వాడికి ‘లిఫ్టు హంతకుడు’ అని సినిమాకు పెట్టినట్టు పేరు పెట్టారు. నాకు మాత్రం వాడు లిఫ్టు వెధవే. బోనులో నిలబడి మళ్లీ పాత పాటే పాడాడు. వానలో రోడ్డు పక్కన చెయ్యెత్తి లిఫ్టు అడిగితే బావ లారీ ఆగిందట. డ్రైవరన్న జాలిపడి ఎక్కించుకున్నాడట. మధ్యాహ్నం టీ బంకు దగ్గర బండి పక్కకు తీసి, నేను కాసేపు కునుకు తీస్తాను, ఇదిగో గడియారం, పెద్ద ముల్లు కిందికి దిగగానే నన్ను లేపు, పైన లోడు మీద పట్టా కప్పుకుని మా బామ్మర్ది అలిగి పడుకున్నాడు, వాణ్ణి కూడా లేపు, టీ తాగి బయల్దేరదాం అన్నాడట. వీడు చెప్పినట్టే చేసి, టీ బంకాయన దగ్గరికెళ్లి, ఇద్దర్నీ లేపేశాను, టీలు పంపించు అని చెప్పి, గడియారం జేబులో వేసుకుని ఇంకో బండెక్కి చెక్కేశాడట. గడియారం దొంగనే గానీ మనిషిని చంపలేదు బాబూ అని ఏడ్చాడు.

టీ బంకాయన తొణకలేదు. వాడు ‘డ్రైవర్ని లేపేశాను’ అన్నాడు, అంతే అన్నాడు, నవ్వుతూ అన్నాడు అని చెప్పాడు. ఇక చూసుకో, లేపేయడమంటే నిద్ర లేపడమా, చంపేయడమా అని లాయర్లిద్దరూ పూట గడిపేశారు. వాడి తరపు లాయరు లేచి, అయ్యా, నేను రోజూ పొద్దున మా పిల్లలిద్దర్నీ లేపేస్తాను, మరి నన్నూ ఉరి తీస్తారా అన్నాడు. కోర్టంతా నవ్వింది. మన లాయరు నెమ్మదిగా, తల పగిలి చచ్చినవాడి గడియారం జేబులో పెట్టుకుని వచ్చినవాడు లేపేశానంటే అర్థం ఏమిటో చంటిపిల్లాడైనా చెబుతాడు అన్నాడు. ఆ రెండో మనిషి మొహం చూశావా అని అడిగాడు. పట్టా కప్పుకుని ఉన్నాడు, చూడలేదు అన్నాడు వాడు. దాంతో వాడి కథ అయిపోయింది. నువ్వు లారీలు తూచే కాటా దగ్గరే దిగిపోయావని అక్కడి వాచ్‌మన్ కూడా చెప్పాడాయె. బావ దారి పొడుగునా నీ గురించి మాట్లాడి ఉంటాడు, దాన్ని పట్టుకుని వీడు కథ అల్లాడు.

తీర్పు చదివాక వాణ్ణి వరండాలోకి తీసుకొచ్చారు. నేను అక్కడే కాచుకుని ఉన్నాను. చెప్పు తీసి వాడి మూతి మీద కొట్టాను. జుట్టు పట్టుకుని తల గోడకు కొట్టాను. రెండోసారి కొట్టినప్పుడు పన్ను ఊడి నేల మీద పడింది. పోలీసులు చూసీ చూడనట్టు కాసేపు ఊరుకుని, తర్వాత వచ్చి నన్ను లాగారు. వాడి అన్న ఒకడున్నాడు, కోర్టులో ఎప్పుడూ చివరి బెంచీలో కూర్చుంటాడు, కోత మిల్లులో పని. వాళ్ల వంశం మొత్తాన్ని పేరుపేరునా తిట్టాను. ఆయన తలొంచుకుని అన్నీ విన్నాడు. ఇంటికొచ్చాక చూసుకుంటే నా చేతి మీద వాడి రక్తం. ఆసుపత్రి లాండ్రీలో పనిచేసేదాన్ని, రక్తం మరక చన్నీళ్లతోనే పోతుందని నాకెవరూ చెప్పక్కర్లేదు. అయినా పడుకునేదాకా కడుక్కోలేదు. నాకు తృప్తిగా ఉంది.

నువ్వు బావ మొహం చూడలేదు, మంచిదే అయింది. చక్రాలు విప్పే స్పానరుతో కొట్టారు. ఎడమ కన్ను ఉండాల్సిన చోట కన్ను లేదు. దవడ పక్కకు తిరిగిపోయింది. పళ్లు కొన్ని చొక్కా జేబులో పడి ఉన్నాయి. మీసం చూసి, ఈయనే అని చెప్పాను. రోజూ ఆపరేషన్ గది దుప్పట్లు ఉతికేదాన్నైనా రెండోసారి చూడలేకపోయాను.

ఒక మాట చెబుతాను, కొట్టిపారేయకు. ఆ రోజు లోడింగు యార్డులో నలుగురి ముందు బావ నిన్ను చెప్పుతో కొట్టాడని నువ్వు ఇంకా లోపల పెట్టుకుని కుమిలిపోతున్నావు. తాగి స్టీరింగు పట్టుకుని గోడను గుద్దితే ఆయన మాత్రం నెత్తిన పెట్టుకుంటాడా? కొట్టాడు, ఇక నా బండి ముట్టుకోకు అన్నాడు. నువ్వు అలిగి కాటా దగ్గర దిగిపోయావు. దిగిపోయావు కాబట్టే బతికావు. లేకపోతే ఆ స్పానరు నీ నెత్తిన కూడా పడేది, నేను రెండు శవాలు మోయాల్సి వచ్చేది. నేను లేకపోవడం వల్లే బావ పోయాడని ఏడవడం మానెయ్.

వేళకు తిను. తాగకు.

మీ అక్క


అక్టోబరు 3, శుక్రవారం

చిన్నోడికి దీవెనలు.

నేను బాగానే ఉన్నాను. మోకాలు నొప్పి, అదీ బాగానే ఉంది. తీర్పు తర్వాత ఐదేళ్లు ఆ కోర్టు, ఈ కోర్టు, క్షమాభిక్ష అని నానబెట్టి నానబెట్టి చివరికి మొన్న ఉరి తీశారు. చనిపోయినవాళ్ల తరపున ఒకరు వచ్చి చూడొచ్చని జైలు నుంచి కబురొచ్చింది. మగవాళ్లెవరైనా వస్తారేమో అని జైలు గుమాస్తా మర్యాదగా అడిగాడు. నువ్వు రాలేనన్నావు కదా. నేనే వస్తానన్నాను. లాండ్రీ సూపర్వైజరమ్మ సెలవిస్తూ, కడుపు ఖాళీగా వెళ్లకు, ఏమైనా తిని వెళ్లు అంది, పెళ్లికి పంపుతున్నట్టు.

గది చిన్నది. గోడకు కొత్తగా సున్నం వేశారు, ఇంకా వాసన వస్తోంది. మధ్యలో చెక్క పలక, పైన ఇనప దూలం. ఉరి తీసేవాడు రిటైరైన బడి మాస్టారిలా కళ్లద్దాలు పెట్టుకుని తాడును మాటిమాటికీ గుంజి చూసుకుంటున్నాడు. వాణ్ణి తీసుకొచ్చినప్పుడు నేను గుర్తుపట్టలేదు. సగం మనిషి అయ్యాడు. నేను ఊడగొట్టిన పన్ను చోటు అలాగే ఉంది. నా వైపు చూశాడు. ఏమైనా అంటే నాలుగు తిట్లు సిద్ధంగా పెట్టుకుని వెళ్లాను, అవన్నీ నా నోట్లోనే ఉండిపోయాయి.

ముసుగు వేశారు. మీట లాగారు. పలక పడిన చప్పుడు నా కడుపులో వినబడింది. అయిపోయిందనుకున్నాను. అవలేదు. మెడ విరగలేదు చిన్నోడా. జైల్లోకి వచ్చినప్పటి బరువు చూసి తాడు పొడవు కొలిచారట, మనిషి ఎండిపోయాడు, తాడు ఇంకా పొడుగుండాలన్న సంగతి ఎవరికీ తట్టలేదట. వాడు వేలాడుతూ తన్నుకున్నాడు. కట్టేసిన చేతుల వేళ్లు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్నాయి. ముసుగులోంచి గురక లాంటి చప్పుడు. ఉచ్చ ప్యాంటు మీదుగా కారి సున్నం గోడ మీద చిమ్మింది. ఉరి తీసేవాడు పరుగున కిందికి దిగి వాడి కాళ్లు పట్టుకుని తన బరువంతా వేసి వేలాడాడు. అప్పుడు విరిగింది. పక్కనున్న జైలరు కళ్లు మూసుకున్నాడు. నేను మూసుకోలేదు. ఇన్నేళ్లూ కోరుకున్నది ఇదే కదా, చివరిదాకా చూడాలనుకున్నాను. చూశాను.

బయటికొస్తే గేటు దగ్గర వాడి అన్న శవం కోసం నిలబడి ఉన్నాడు. వ్యాను తెచ్చుకున్నాడు గానీ ఆ వ్యాను డ్రైవరు ఉరి పడ్డవాణ్ణి ముట్టుకోనని దూరంగా వెళ్లి నిలబడ్డాడు. వార్డర్లు స్ట్రెచరు గేటు బయట దింపేసి లోపలికి పోయారు. ఆయన ఒక్కడే చంకల కింద చేతులు పెట్టి ఎత్తబోతున్నాడు. ఎడమ చేతికి రెండు వేళ్లు లేవు, కోత మిల్లు మింగేసిందట. పట్టు జారి శవం మడమలు నేల మీద ఈడ్చుకుంటున్నాయి. నాకేమైందో తెలియదు. వెళ్లి కాళ్లు పట్టుకున్నాను. రోజూ దుప్పట్ల మూటలు ఎత్తే చేతులు కదా, ఎత్తడం వాటికి అలవాటు. ఒళ్లింకా వెచ్చగానే ఉంది. ఇద్దరం కలిసి వ్యానులో పడుకోబెట్టాం.

ఆయన చెయ్యి తుడుచుకుంటూ, అమ్మా, మావాడు నీకొక మాట చెప్పమన్నాడు, చెబితే తిట్టవు కదా అన్నాడు. చెప్పమన్నాను. ఉరికి ముందురోజు జైల్లో కలిసినప్పుడు వాడు ఇలా అన్నాడట. నేను భుజం తట్టి లేపితే ఆ డ్రైవరన్న ఉలిక్కిపడి లేచి, బండెవరు తోలుతున్నారు అని అడిగాడు, బండి ఆగే ఉందన్నా అంటే నవ్వాడు, ఆయన బతికుండగానే నేను వచ్చేశానని ఆయన భార్యకు చెప్పు. కోర్టులో ఈ మాట ఎందుకు చెప్పలేదని నేను అడిగితే, అక్కడ అడిగినదానికే జవాబు చెప్పమన్నారమ్మా, ఇది ఎవరూ అడగలేదు అన్నాడు.

నీకు తెలుసు కదా. మీ బావను ఎవరు ఎప్పుడు లేపినా నోట్లోంచి వచ్చే మొదటి మాట అదే. మంచం మీద కూర్చుని, ఇల్లు కదులుతున్నట్టు గోడ పట్టుకుని, బండెవరు తోలుతున్నారు అనేవాడు. మా అక్క తోలుతోంది, నువ్వు పడుకో బావా అని నువ్వు ఏడిపించేవాడివి. ఈ మాట నేను కోర్టులో చెప్పలేదు. నువ్వూ చెప్పలేదు. ఏ పేపర్లోనూ రాలేదు. మరి వాడికెలా తెలిసింది?

ఇంకో మాట కూడా అన్నాడు. పట్టా కింద పడుకున్నవాణ్ణి కాలు పట్టి లాగితే, కళ్లు తెరవకుండానే గుండెల మీద తన్నాడట.

నువ్వు కాటా దగ్గర దిగి ఇంటికి నడిచొచ్చానన్నావు. ఏ దారిన వచ్చావు? వాన కదా, ఎక్కడైనా ఆగావా? ఊరికే అడుగుతున్నాను. వెంటనే రాయి.

మీ అక్క


అక్టోబరు 26, ఆదివారం

చిన్నోడికి,

దీవెనలు ఎలా రాయాలో తెలియక వదిలేశాను. నీ కార్డు అందింది. అక్కా, ఒంట్లో ఎలా ఉంది, ఆ పాతవన్నీ తవ్వుకుని ఆరోగ్యం పాడుచేసుకోకు అని రాశావు. దారి గురించి అడిగితే ఆరోగ్యం గురించి రాశావు. చిన్నప్పుడు కూడా అంతే, పలక ఎవరు పగలగొట్టారంటే ఆకలేస్తోందని ఏడ్చేవాడివి.

కార్డు చదివిన మర్నాడే బస్సెక్కి ఆ టీ బంకుకు వెళ్లాను. ఇప్పుడది బంకు కాదు, హోటలు. ఫ్రిజ్జు, ప్లాస్టిక్ కుర్చీలు, గోడకు అద్దం. ఆయన మాత్రం అదే బల్ల వెనక, అదే గుడ్డతో తుడుస్తూ ఉన్నాడు. నన్ను చూడగానే గుర్తుపట్టి, రామ్మా కూర్చో, చివరికి న్యాయం జరిగింది అన్నాడు. నేను కూర్చోలేదు. ఒక్కటే అడిగాను, వాడు ఆ రోజు నిన్ను ఎన్ని టీలు పంపించమన్నాడు అని.

గుడ్డ ఆగిపోయింది. రెండు అన్నాడు.

తర్వాత అన్నీ తనే చెప్పుకొచ్చాడు. వాడు వానలో తడుచుకుంటూ వచ్చి అన్నది ‘ఇద్దర్నీ లేపేశాను, రెండు టీలు పంపించు’ అని. రేకుల మీద వాన మోత, బంకు నిండా జనం. గిరాకీ తగ్గాక ఈయనే రెండు గ్లాసులు పట్టుకుని వెళ్లాడు. క్యాబిన్‌లో బావ స్టీరింగు మీద పడి ఉన్నాడు. పైన లోడు మీద ఎవరూ లేరు, పట్టా తీసేసి ఉంది. ఇదంతా ఇన్‌స్పెక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పాడట. ఆ ఇన్‌స్పెక్టరు ఏమన్నాడో విను. ఇద్దర్నీ లేపేస్తే రెండో శవం ఏదిరా అన్నాడట. ఒక్కణ్ణి చంపినవాడు ఇద్దర్నీ అని ఎందుకంటాడు, నీకు వాన చప్పుడులో సరిగ్గా వినపడలేదు అన్నాడట. వినపడిందయ్యా అంటే లాఠీతో బంకులో గ్లాసులన్నీ పగలగొట్టించి, అరికాళ్ల మీద కొట్టించాడట. శవం ఒకటే దొరికింది కాబట్టి ‘ఇద్దర్నీ’ పోయి ‘డ్రైవర్ని’ అయింది. లేపేయడానికి వాళ్లకు ఒక్కటే అర్థం తెలుసు. నిద్రపోయేవాళ్లను లేపడం వాళ్ల పని కాదు కదా.

ఇదంతా చెప్పి, టీ తాగుతావా అమ్మా అన్నాడు. బల్ల మీద ఉన్న గ్లాసు తీసి ఆయన మొహాన కొట్టాను. కనుబొమ చీలి కళ్లలోకి రక్తం కారింది. జనం లేచి నిలబడ్డారు. ఆవిడను ఏమీ అనకండి అని ఆయనే చెప్పాడు. అంతకంటే నేను చేయగలిగింది లేదు, వచ్చేశాను.

ఇరవై ఏళ్లు మీ ఇద్దర్నీ లేపింది నేనే చిన్నోడా. ఆయన్ని లేపితే బండెవరు తోలుతున్నారు అంటాడు. నిన్ను లేపితే తంతావు. అమ్మ పోయాక నిన్ను బడికి పంపడానికి పొద్దున్నే కాలు పట్టి లాగినప్పుడల్లా నా డొక్కలో, పొట్టలో, ఒకసారి నోటి మీద తన్నావు. ఈ సంగతి తెలిసినవాళ్లు ప్రపంచంలో ముగ్గురం. ఉరి పడ్డవాడు నాలుగోవాడు.

నువ్వు కాటా దగ్గర దిగావు, అది నిజమే, వాచ్‌మన్ అబద్ధం చెప్పలేదు. దిగి, బండి కదిలేటప్పుడు వెనక నుంచి మళ్లీ ఎక్కావు. ఆయన అద్దంలో చూసే ఉంటాడు. చూసి నవ్వుకుని ఉంటాడు. నిన్ను దింపేసే మనిషైతే అలిగి పడుకున్నాడు, లేపు, టీ తాగుతాడు అని ఎవరికో చెబుతాడా?

నువ్వు లేచావు. తడిసిన పట్టా కింద, చెప్పు దెబ్బ మండుతున్న చెంపతో లేచావు. లోపల తాగిందింకా దిగలేదేమో. స్పానరు తీసుకుని క్యాబిన్ తలుపు తీశావు. అప్పటికి ఆయన మెలకువగా ఉన్నాడు. కోర్టులో డాక్టరు చెప్పింది నీకు గుర్తుందా, చేతుల మీద ఒక్క దెబ్బ కూడా లేదు కాబట్టి నిద్రలో ఉండగా కొట్టారు అన్నాడు. నిద్రలో కాదు. తలుపు తీసింది నువ్వు. ఎదురుగా నువ్వు వస్తుంటే ఆయన చెయ్యెందుకు అడ్డం పెట్టుకుంటాడు? రా, టీ తాగుదాం అనే అని ఉంటాడు. ఆ నోటి మీదే కొట్టావు. ఒక దెబ్బకు ఆగలేదు. కన్ను పోయేదాకా కొట్టావు. దవడ తిరిగిపోయేదాకా కొట్టావు. తర్వాత వానలో నీ చేతులు వాటంతటవే కడుక్కుపోయి ఉంటాయి.

ఆ సాయంత్రం నువ్వు ఒళ్లంతా తడిసి ఇంటికొస్తే తల తుడిచి నా దుప్పటి కప్పాను. కబురొచ్చినప్పుడు నువ్వు నా ఒళ్లో తల పెట్టుకుని నాకంటే ఎక్కువ ఏడ్చావు. ఆ ఏడుపు అబద్ధమని ఇప్పటికీ నేననను. అందుకే నిన్ను తలుచుకుంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది.

పోలీస్ స్టేషనుకు వెళ్లాను. ఇప్పుడు వేరే ఇన్‌స్పెక్టరు, కుర్రవాడు, మంచినీళ్లు తెప్పించాడు. అంతా విని, అమ్మా, ఆ కేసులో ముద్దాయిని ఉరి తీసేశారు, ఇప్పుడు ఇంకొకడు చంపాడని నేను రాస్తే ఉరి తీసినవాళ్లందరి మెడకూ చుట్టుకుంటుంది, మీ తమ్ముడు తానై వచ్చి ఒప్పుకుంటే చెప్పండి, అప్పుడు చూద్దాం అన్నాడు. లేచి నన్ను గేటు దాకా సాగనంపాడు కూడా. పోయిన మనిషిని తెచ్చివ్వలేకపోయినా మర్యాదకు లోటు చేయలేదు.

నేను వచ్చి నిన్ను చంపుదామని కూడా అనుకున్నాను. దాచుకోవడం ఎందుకు, కత్తి కూడా కాగితంలో చుట్టుకున్నాను. బస్టాండు దాకా వెళ్లి తిరిగొచ్చాను. నీకు అన్నం కలిపి పెట్టిన చెయ్యి ఇది, దీనికి ఆ పని రాదు. నిన్ను క్షమించడం కూడా రాదు. ఒకణ్ణి వేలాడదీసి, వాడు తన్నుకుంటుంటే కళ్లార్పకుండా చూసి వచ్చాను. వాడు తన్నుకోవాల్సినవాడు కాదు, నువ్వు. ఈ ముక్క తలుచుకోకుండా ఒక్క దుప్పటి ఉతకలేకపోతున్నాను.

నాకు కావాల్సింది ఒక్కటే. నువ్వు నీ నోటితో చెప్పాలి. నాకు కాదు, నాకు తెలిసిపోయింది. ఎవరికి చెప్పాలో వాళ్లకు చెప్పాలి.

ఇక నేను నీకు అక్కను కానని రాయబోయాను. అది అబద్ధం అవుతుంది.

మీ అక్క

తా.క.: ఈ ఉత్తరం పోస్టులో వేయలేదు, కవరు మీద స్టాంపు లేకపోవడం నువ్వు చూసే ఉంటావు. తెచ్చి నీ చేతికిచ్చినాయన ఉరి పడ్డవాడి అన్న. నీ ఎదురుగా కూర్చుని ఉంటాడు. ఆయనకు చదువు రాదు. ఇందులో ఏముందో నేను చెప్పలేదు. నీ తమ్ముడి సంగతి మా తమ్ముడికి తెలుసు, ఉత్తరం మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపిస్తాడు అని మాత్రం చెప్పాను. నువ్వు వేరే ఏదైనా చదివితే ఆయన తిరిగొచ్చి అదే నాకు చెబుతాడు, నాకు తెలిసిపోతుంది. ఆయన తిరిగి రాకపోతే అప్పుడూ తెలిసిపోతుంది. చాలా దూరం నుంచి వచ్చాడు, ముందు మంచినీళ్లివ్వు. తర్వాత గట్టిగా చదువు, ఆయనకు మిల్లు చప్పుడుకు చెవులు సరిగ్గా వినపడవు.